నాగులమ్మత్త పాలు

అయినా ఆటో తోలే గిరి దీనికి కొత్త సీటు కవరు ఎప్పుడు వేయించాడో, ఎర్ర రెగ్జిను, మధ్యాహ్నమైతే ఎండకు కాలి ఒంటికి అతుక్కుంటుంది, ఇంకా తొమ్మిది కాలేదు కాబట్టి కూర్చోగలిగాము, పక్కన నాగులమ్మత్త ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది, సంచిలో పొడి చీర, తువ్వాలు, కాణిపాకంలో తలస్నానం చేసి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ప్రమాణం చేశాక కట్టుకోవడానికి, ఆమెకు అన్నిట్లోనూ ముందుచూపే, పాలు పోసి వెళ్తూ గుమ్మం దగ్గర పడ్డ చుక్కలు కూడా తన కొంగుతోనే తుడిచేసేది, అలాంటి మనిషి పాలలో నీళ్ళు కలుపుతోందని ఊరు ఊరంతా అంటోంది, నేనూ అన్నాను, తప్పించుకోవడం ఎందుకు, అన్నాను, అందుకే ఈ ఆటోలో నేను కూడా ఉన్నాను, ఎందుకంటే ప్రమాణానికి ఒప్పుకుంటూ ఆమె ఒకే ఒక్క మాట అడిగింది, పాలు సూసిన పాప గూడా నా పక్కన నిలబడి, నా పాలల్లో నీళ్ళుండాయని ప్రమాణం చెయ్యాల, అంతే.

మా ఊరి పాల కేంద్రంలో పాలు చూసేది నేను, నాలుగేళ్ళుగా, తిరుపతిలో మూడు రోజులు ట్రైనింగు అయ్యి సర్టిఫికెట్ తెచ్చుకున్నాను, అది ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది కూడా మునికృష్ణ మామే, కేంద్రం ప్రెసిడెంటు, చెడ్డవాడేమీ కాదు, గొంతు పెద్దది అంతే, డిసెంబరులో పాలు చూసే మిషను రిపేరుకు పోతే పాత లాక్టోమీటరు బయటికి తీశాను, పాలలో వేస్తే తేలే గాజుగొట్టం, చిక్కటి పాలలో పైకి తేలుతుంది, పలచటి పాలలో మునుగుతుంది, మా ఆవుపాలకు ఇరవై ఎనిమిది రావాలి, ఆ రోజు అందరికన్నా ముందు వచ్చిన నాగులమ్మత్త పాలలో ఇరవై ఐదు, ఇదేందబ్బా ఇంకోసారి చూద్దామనుకునేలోపు మామ నా భుజం మీదుగా ఎంతమ్మా అన్నాడు, ఇరవై ఐదు మామా అన్నాను, నీళ్ళు, అన్నాడు, ఒక్క మాటే, వెనకనే క్యాను పట్టుకుని నిలబడ్డ అమల నాకు నిన్ననే అనుమానం అంది, ఇంకెవరో వాళ్ళ కొట్టం పక్కనే కొళాయి ఉండాది గదా అన్నారు, ఇంకోసారి చూద్దామన్న మాట నా నోట్లోనే ఉండిపోయింది, రెండో రోజు మరీ ఘోరం, ఆమె క్యాను మూత తీయగానే పాలు నీలంగా కనిపించాయి నాకు, గొట్టం వేయకముందే, నిజంగా కనిపించాయి, మళ్ళీ ఇరవై ఐదు, నాలుగో రోజుకు ఆమె పాలు పోయించుకోవద్దని, కలపలేదంటే కాణిపాకంలో ప్రమాణం చెయ్యాలని కేంద్రంలో తీర్మానం చేశారు, ఎవరికి ఇష్టం అంటే అందరి చేతులూ లేచాయి, నాది కూడా లేచింది, ఎవరో పట్టుకుని లేపినట్టు.

నా చెయ్యి ఎప్పుడూ అంతే, మూడో తరగతిలో సారు లెక్కకు జవాబు అడిగితే నాకు వచ్చింది ఒకటి, క్లాసంతా చెప్పింది ఇంకొకటి, పలక మీద నాది చెరిపేసి వాళ్ళది రాసుకున్నాను, సారు నాదే సరైందన్నప్పుడు చూపించడానికి పలక మీద ఏమీ లేదు, తిరుపతిలో పెళ్ళి చీర కొనేటప్పుడూ అంతే, నాకు నచ్చింది ముదురాకు పచ్చ, నలుగురూ పసుపు పసుపు అంటుంటే నాకూ పసుపే బాగున్నట్టు అనిపించింది, ఇంటికొచ్చి విప్పి చూస్తే ఏడుపొచ్చింది, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నేను పులిని, ఈసారి చెప్పేస్తా, మొహం మీదనే చెప్పేస్తా అనుకుంటాను, నలుగురి మధ్యకు రాగానే వెన్న, మా అమ్మ దాన్ని మంచితనం అంటుంది, మా అమ్మకు నేనంటే ప్రేమ కాబట్టి అలా అంటుంది, అది మంచితనం కాదు, పిరికితనం, ఈ ముక్క నాకు నేను చెప్పుకోవడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది.

చెరకు గానుగ దాటాము, బెల్లం వాసన, నాగులమ్మత్త ముక్కు ఎగబీల్చింది, వాసనకేమో అనుకున్నాను, కాదు, ఏడుస్తోంది, పాపా, నేను ప్రమాణం చెయ్యనులే, ఒప్పేసుకుంటా అంది, ఆటో శబ్దంలో సరిగ్గా వినబడలేదేమో అని ఏందత్తా అన్నాను, ఇంతమంది అంటావుంటే నాకే అనుమానంగా ఉండాది పాపా, పొదుగు కడిగిన నీళ్ళు బకెట్లో కొంచెం మిగిలిపోయినాయో ఏమో, దాంట్లోనే పిండేసినానో ఏమో, గ్యాపకం లేదు, మీ కుప్పయ్య మామ గూడా రాత్రి అడిగినాడు, నిజం సెప్పు కలిపినావా అని, నలభై ఏండ్లు కాపురం చేసినోడు, గ్యాపకం లేనిదాన్ని సామి ముందర ఎట్ల నిలబడేది, అని కళ్ళు తుడుచుకుని ముందుకు చూసింది, మేము ఆమె పాలు ఆపేశామనే అనుకున్నాను, ఆమె జ్ఞాపకాన్ని కూడా లాగేసుకున్నాము, చెయ్యని తప్పు తన చేతుల్లో వెతుక్కుంటోంది, ఆ చేతులు, పాలు పిండి పిండి వేళ్ళు వంకరపోయిన చేతులు, క్యాను నాకు అందిస్తున్నప్పుడు ఆ చేతులు, డిసెంబరు చలిలో నా వేళ్ళు కొంకర్లు పోతుంటే ఆమె క్యాను పట్టుకోవడం నాకెంత ఇష్టం, రెండు అరచేతులూ ఆనించి ఒక్క నిమిషం అలాగే ఉండేదాన్ని, వెచ్చగా ఉండేది, వెచ్చగా.

వెచ్చగా ఎందుకుంది, ఆమె ఇల్లు కేంద్రానికి ఎదురుగానే కాబట్టి, పిండీ పిండగానే నురగతో సహా తెచ్చి పోస్తుంది కాబట్టి, మిగతావాళ్ళు అవతలి వీధి నుంచీ పొలాల నుంచీ వచ్చి వరసలో నిలబడేసరికి వాళ్ళ పాలు చల్లారిపోతాయి, వెచ్చటి పాలలో గొట్టం మునుగుతుంది, నీళ్ళు లేకపోయినా అంకె తగ్గుతుంది, తిరుపతి ట్రైనింగులో రెండో రోజే చెప్పారు, చల్లారనిచ్చి నురగ తగ్గాక చూడాలని, వేడి చూడమని ఇచ్చిన థర్మామీటరు సొరుగులో నేను పెట్టిన చోటే ఉంది, నాలుగేళ్ళు మిషను చూసి చూసి పాలు చూడటం మర్చిపోయాను, ఇప్పుడు చెప్పేదాకా ఊపిరాడదు, చెబితే నా ఉద్యోగం, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్, మామ మొహం, ఏమైనా కానీ, ఆటో దిగేలోపు మళ్ళీ వెన్న కాకూడదు, చేతిసంచి గట్టిగా పట్టుకున్నాను, అత్త చెయ్యి కూడా పట్టుకున్నాను, గట్టిగా, ఆమెకు నొప్పి పుట్టిందేమో కూడా.

కాణిపాకం వీధిలో మామ, అమల, ఇంకో ఐదారుగురు ముందే వచ్చి పూలకొట్టు దగ్గర నిలబడి ఉన్నారు, అత్త ఆటో దిగి సంచి కింద పెట్టి, మునికృష్ణా, తప్పు నాదే నాయనా, అంటోంది, అనేసింది, అందరి మొహాల్లో ఒక నిమ్మళం, నేను అత్తకూ మామకూ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను, తప్పు ఆమెది కాదు, నాది, పాలు వేడిగా ఉండంగానే సూసినాను, సల్లారనీలేదు, అని అన్ని మాటలూ ఒకే ఊపిరిలో అనేశాను, రేపు పొద్దున ఆమె ఆవు దగ్గరే నిలబడి పిండించి, సల్లారబెట్టి, మీ అందరి ముందర సూస్తా, ఎంత వస్తే అంత సెప్తా అన్నాను, మామ కోప్పడలేదు, నిజంగానే అర్థం కానట్టు అడిగాడు, ఇంతమంది సూసినాము గదా పాపా, అందరిదీ తప్పేనా అని, మీరెవరూ సూడలేదు మామా, నేను సెప్పిన నంబరు విన్నారు, అన్నాను, అన్న తర్వాత ఆ మాట నాకే కొత్తగా వినిపించింది, ఊరి మాటకు నేను లొంగిపోయానని ఇన్నాళ్ళూ నామీద నేనే జాలిపడుతున్నాను, కానీ మామ ఎంతమ్మా అని అడిగింది నన్ను, అమల అనుమానానికి బలం ఇచ్చింది నా ఇరవై ఐదు, కుప్పయ్య మామ నలభై ఏళ్ళ భార్యను అడగడానికి ధైర్యం తెచ్చుకుంది తిరుపతిలో చదివొచ్చిన పాప తప్పు చెప్పదని, నేను వాళ్ళ మొహాలు చూసి నమ్మాను, వాళ్ళు నా మొహం చూసి నమ్మారు, ఆ నాలుగు రోజులూ పాల వైపు చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.