ట్యాంకు వెనకాల కుండీ

కింద మెత్తబడింది, వేలు పెడితే ఉడికిన వంకాయలోకి దిగినట్టు దిగిపోతోంది, అయినా ఇది మెత్తబడడమేమిటి, కార్తీకం తర్వాత చినుకు లేదు, నేను నీళ్ళు పోసి మూడు నెలలు దాటింది, డాబా మీద ట్యాంకు వెనకాల దీన్ని దాచిన సంగతి ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు, ఎండిపోవాల్సింది కుళ్ళింది, సరే, పైభాగం ఇంకా గట్టిగానే ఉంది, కోసి నాటితే బతుకుతుంది, చాకు తుడిచాను, పేపరు మడతపెట్టి కాక్టస్‌ను పట్టుకున్నాను, అయినా ఒక ముల్లు గుచ్చుకుంది, రక్తం వచ్చింది, నొప్పి మాత్రం రాలేదు, ఈ నలభై రోజులుగా అన్నీ ఇలాగే, వస్తున్నట్టు ఉంటాయి, రావు.

కడియం నర్సరీలో రాజరత్నం గారు చెప్పారు, కోసిన ముక్కని వెంటనే నాటకండి, నీడలో వారం పది రోజులు వదిలెయ్యండి, కోసిన చోట ఆరి పొర కట్టాక ఇసకలో గుచ్చండి, అప్పటిదాకా నీళ్ళ జోలికి పోకండి, మన గోదారోళ్ళకి అదే కష్టమండి, మొక్క కనపడితే చెంబు ఎత్తకుండా ఉండలేం అని నవ్వారు, నేనూ నవ్వాను, అప్పుడు నాకు మూడో నెల, కుండీ ఒళ్ళో పెట్టుకుని ఆటోలో రాజమండ్రి వచ్చాను, అత్తయ్యగారు గుమ్మంలోనే చూసి, ముళ్ళ మొక్క ఇంట్లో ఎందుకమ్మా సత్యా, అందులోనూ కడుపుతో ఉన్నావు, మంచిది కాదంటారు, ఎవరికైనా ఇచ్చెయ్యి అన్నారు, మర్నాడు ఇచ్చేశానండి అని చెప్పాను, ఎంత తేలిగ్గా చెప్పాను.

ఏడో నెలలో స్కానింగ్ గదిలో డాక్టరమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి స్క్రీను తన వైపు తిప్పుకుంది, నాకు ముందు గుర్తొచ్చింది ట్యాంకు వెనకాల కుండీ, బియస్సీ బోటనీ చదివినదాన్ని, ముల్లుకీ కడుపులో గుండె ఆగడానికీ సంబంధం లేదని నాలుగు పేజీలు రాయగలను, అయినా గుర్తొచ్చింది, ఏడువు సత్యా, తేలికపడతావు అని మా ఆయన, అమ్మ, పక్కింటివాళ్ళు, అబద్ధమాడినదాన్ని ఏ మొహం పెట్టుకుని ఏడవను, పాలు వచ్చాయి, కన్నీళ్ళు రాలేదు.

కోసిన ముక్క పేపరు మీద పెట్టాను, లోపల తెల్లగా, తడిగా ఉంది, మెట్ల మీద చప్పుడు, అత్తయ్యగారు, మోకాళ్ళ నొప్పులని గుడి మెట్లు కూడా ఎక్కని మనిషి, చేతిలో చెంబు, దాచడానికి టైము లేదు, దాచాలనీ అనిపించలేదు, అత్తయ్యగారూ దీన్ని నేను ఎవరికీ ఇవ్వలేదండి, మీతో అబద్ధం చెప్పాను, అప్పట్నించీ ఇక్కడే ఉంది అన్నాను, నా గొంతు పక్కింట్లో ఎవరిదోలా వినిపించింది, అంతా ఈ ముళ్ళ మొక్క వల్లేనని ఇప్పుడు అంటారు, అననీ.

తెలుసమ్మా అన్నారు, వడియాలు పెట్టడానికి వచ్చినప్పుడే చూశాను, ఇష్టపడి తెచ్చుకున్నావు, నెలలు నిండేకొద్దీ నువ్వా మెట్లెక్కలేవు, ఎండిపోతుందని రోజూ ఓ చెంబుడు పోస్తున్నాను, అదేంటి, కోసేశావేంటి, కుళ్ళిందా, నేను పోసిన నీళ్ళకేనా అంటూ తప్పు చేసిన పిల్లలాగ నిలబడిపోయారు, రోజూ అంటే, ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు కూడానా అండీ అని అడిగాను, ఆ రోజు కూడా పోశానమ్మా, పాపం మొక్కేం చేసింది అన్నారు.

మొక్కేం చేసింది, అలవాటు చొప్పున కోసిన ముక్క మీదికి చెంబు వంచబోయారు, చెయ్యి పట్టుకుని ఆపాను, ఇప్పుడు వద్దండి, ముందు ఆరాలి అన్నాను, పట్టుకున్న చెయ్యి వదల్లేదు, ఆవిడా విడిపించుకోలేదు, వేలు సలుపుతోంది, ముల్లు లోపలే విరిగినట్టుంది, నొప్పి, నిజంగానే నొప్పి, ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నన్ను తప్పుపట్టింది నేనొక్కదాన్నే.