పీఠం కింది కాకికాలు

నేను ఒక ఉలిని. జానెడు ఇనుము, అంతే. అమెరికాలో కోర్టు మెట్లు, పాలరాతి స్తంభాలు, గుర్రాలెక్కిన విగ్రహాలు చూసి జనం నోరు తెరుస్తారు. కట్టించినవాడి పేరు గోడ మీదే ఉంటుంది. చెక్కినవాడి పేరు అడిగితే పక్కచూపులు చూస్తారు. చూసి చూసి విసిగిపోయాను.

వర్జీనియాలో ఒక కమ్మరి నన్ను సాగగొట్టి ఎజికియేల్ చేతికిచ్చాడు. అతను బానిస. రాతిపనివాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంది. చెక్కిన రాయి అడుగున, పైకి కనబడని వైపు, ఎవరి గుర్తు వాళ్ళు వేసుకుంటారు. ఎజికియేల్ మాత్రం తన యజమాని గుర్తు వెయ్యాలి. ముప్పై ఏళ్ళు వేశాడు, నాతోనే.

అంతర్యుద్ధం వచ్చింది. బానిసత్వం పోయింది, ఆకలి పోలేదు. కొన్నేళ్ళకి, బానిసత్వం నిలబెట్టడానికి పోరాడి ఓడిన కల్నల్ ఒకడు పోతే, ఊరు అతనికి గుర్రమెక్కిన విగ్రహం పెట్టింది. ఓడినవాడికి విగ్రహం! మనుషులకే చెల్లింది. పీఠం చెక్కే పని ఎజికియేల్‌కే దొరికింది. చెక్కాడు. అట్టడుగు రాయిని బోర్లించే ముందు దాని పొట్ట మీద మొదటిసారి సొంత గుర్తు కొట్టాడు: మూడు గీతల కాకికాలు. చివరి గీత ఎంత కసిగా కొట్టాడంటే, నా మొన చిట్లి ముక్క రాతిలోనే ఇరుక్కుపోయింది. నన్ను మళ్ళీ సానబెట్టలేదు. ఆ సంగతి కూతురికి చెప్పి పోయాడు.

కూతురు పోయాక సామాన్లతో పాటు ఊరి మ్యూజియంలో పడ్డాను. నా పక్కన కార్డు: "ఉలి. వాడినవారెవరో తెలియదు."

ఆ సంగతి ఇంట్లో వింటూ పెరిగిన ఎజికియేల్ మునిమనవరాలు ఒడెస్సా, స్కూల్లో వంటచేసి రిటైరయిన మనిషి, ఒకరోజు ఆ కార్డు చదివి మ్యూజియం అధికారిని పట్టుకుంది.

"మా ముత్తాత పేరు రాయి నాయనా."

"ఆధారం ఉండాలి కదమ్మా."

"ఉంది. దాని మీద మీ కల్నల్ కూర్చున్నాడు. కాస్త పక్కకి జరగమను."

కల్నల్ జరగడానికి పదకొండేళ్ళు పట్టింది. ఊరు రెండుగా చీలి కొట్టుకుని, చివరికి క్రేన్ తెచ్చారు. గుర్రం లేచింది. అట్టడుగు రాయి తిరగబడింది. కాకికాలు అలాగే ఉంది. అధికారి తెల్ల గ్లవుజులతో నన్ను పట్టుకొచ్చి ఆనించాడు. తుప్పు పట్టిన ఆ ముక్క, నా చిట్లిన మొన అతికినట్టు సరిపోయాయి. ఒడెస్సా నన్ను వట్టి చేత్తో తడిమింది. ఎవరూ వద్దనలేదు.

నెలకి కొత్త కార్డు వచ్చింది. పైన కొట్టొచ్చినట్టు పెద్ద అక్షరాలు: "కల్నల్ విగ్రహ పీఠాన్ని చెక్కిన ఉలి." కింద చీమల్లాంటి అక్షరాలు: "పనివాడు: ఎజికియేల్."

ఒడెస్సా కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"మా ముత్తాతని మళ్ళీ వాడి కిందే పెట్టావేం నాయనా?"

అధికారి కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంకోటి ఇంతవరకు రాలేదు. ప్రతి మంగళవారం ఆమె వస్తుంది, కుర్చీ లాక్కుని ఆ ఖాళీ చోటుకి ఎదురుగా కూర్చుంటుంది. నాకు ఓపిక అయిపోయింది. ఆమెకి కాలేదు.