నలభై మూడు పరీక్షలకు ఒకే మాట

ఆ రక్తపరీక్షల ల్యాబులో ప్రోగ్రాములు రాసే ఆవిడను అందరూ వదిన అనే పిలిచేవారు. ఆమె ఆడపడుచు అక్కడే టెక్నీషియన్ కావడంతో అంటుకున్న పిలుపది.

వదిన ప్రోగ్రాములో నలభై మూడు పరీక్షలకు నలభై మూడు ఫంక్షన్లు, అంటే విడివిడి ప్రోగ్రాము ముక్కలు. ప్రతిదానిలోనూ అసలు లెక్క రెండు లైన్లే. దాని చుట్టూ టైము వేయడం, పొరపాటొస్తే పట్టుకోవడం, రిపోర్టు పంపడం మాత్రం అన్నింట్లోనూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకరోజు పెద్ద డాక్టరుగారు, "రిపోర్టు మీద పరీక్ష చేసినవాళ్ళ పేరు కూడా పడాలమ్మా" అన్నారు. అంటే నలభై మూడు చోట్ల అతికించాలి. పోయినసారి ఇలాగే అతికిస్తూ ఒకచోట మరిచిపోయి, అదెక్కడో తెలియక వారం రోజులు తల పట్టుకుంది.

"ఈసారి చచ్చినా అతికించను" అనుకుని మాక్రో రాయడానికి కూర్చుంది. మాక్రో అంటే ప్రోగ్రామును రాసిపెట్టే ప్రోగ్రాము. 'పరీక్ష' అనే కొత్త మాటను తానే ఆ కంప్యూటరు భాషకు నేర్పింది. ఆ మాట పక్కన పరీక్ష పేరూ, లెక్కా ఇస్తే చాలు. చేసినవాళ్ళ పేరు వేయడంతో సహా మిగతా తతంగమంతా ప్రోగ్రాము నడవకముందే మాక్రో రాసిపెట్టేస్తుంది. మధ్యాహ్నానికల్లా ఎనిమిది వందల లైన్లు చెరిపేసింది. పేజీ తర్వాత పేజీ మాయమవుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

సాయంత్రం నమూనా రిపోర్టులు తీసిన ఆడపడుచు నవ్వాపుకోలేక పరుగెత్తుకొచ్చింది.

"వదినా, ఈ లెక్కన మా పనంతా మధ్యాహ్నం పన్నెండూ పదికే అయిపోయింది. ఇంక ఇంటికెళ్ళిపోమంటావా?"

చూస్తే ప్రతి రిపోర్టు మీదా అదే టైము! వదిన మాక్రో తెరిచి చూసింది. మరుక్షణం నెత్తి కొట్టుకుంది. పరీక్ష జరిగినప్పుడు టైము చూడమని రాసిపెట్టాల్సింది పోయి, మాక్రో తాను రాస్తున్నప్పటి టైమే చూసి అన్నింట్లోనూ దించేసింది.

"ఇప్పుడు నలభై మూడూ దిద్దుకోవాలా?" ఆడపడుచు జాలిగా అడిగింది.

వదిన మాక్రోలో ఒక్క లైను మార్చి మళ్ళీ నడిపింది. రిపోర్టులు వరసగా వచ్చాయి. దేని టైము దానిదే.

"ఒక్కచోటేనా?"

"ఒక్కచోటే!" అంటూ వదిన కుర్చీలోనే గిర్రున తిరిగింది.

"అయితే జరుగు. వచ్చేవారం మొదలయ్యే కొత్త పరీక్ష నేనే రాస్తా."

ఆడపడుచు ఒంటివేలితో 'పరీక్ష' అని కొట్టి, పేరు పెట్టి, లెక్క రాసింది. మూయడం మరిచిన బ్రాకెట్టును వదిన కళ్ళతోనే చూపించింది. నలభై నాలుగో రిపోర్టు తెర మీద పడగానే ఆడపడుచు వేసిన కేకకు పెద్ద డాక్టరుగారు తొంగిచూశారు.

"ఏమైందమ్మా?"

ఇద్దరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు కానీ, వాళ్ళ మొహాలు చూసి ఆయనా నవ్వేశారు.