ఎవరూ చూడని సిరీస్

పార్లరక్క కత్తెర పట్టుకునే ముందు ఎవరినైనా ఒకటే అడిగేది. "ఇప్పుడేం చూస్తున్నావు?"

జుట్టు తడిపి, పాయలు తీసి, క్లిప్పులు పెట్టేలోపు జవాబు వినేది. అందరూ చూస్తున్నదే చూస్తున్నామంటే మొహం చిట్లించేది. "అది నువ్వు చూడకపోయినా బతుకుతుందిలే," అని ఫోన్లో వేలితో తోసుకుంటూ పోయి, ఎక్కడో అడుగున పడి ఉన్న సినిమా ఒకటి బయటికి తీసేది. పోస్టరు మీద ఒక్క తెలిసిన మొహం ఉండేది కాదు. "మొదటి అరగంట ఓపిక పట్టు. తర్వాత కూడా నచ్చకపోతే వచ్చి నన్ను తిట్టు."

వచ్చి తిట్టినవాళ్ళు తక్కువ. ఏ మొహానికి ఏ కటింగు నప్పుతుందో తెలిసినట్టే, ఎవరికి ఏ బొమ్మ కావాలో ఆవిడకి తెలిసేది.

ఎవరూ చూడని బొమ్మని చివర్లో పేర్లన్నీ పైకి పోయేదాకా చూస్తే అందులోవాళ్ళు బయటికొస్తారు. ఎన్నాళ్ళుగానో ఎవరూ పలకరించక, ఒక్కరు దొరికేసరికి ఆగలేరు పాపం. కాసేపు కూర్చుంటారు, మంచినీళ్ళు తాగుతారు, టీవీ కట్టేసేలోపు లోపలికి పోతారు. నలుగురూ చూసేవాటిలోంచి మాత్రం ఎవరూ రారు. ఒకేసారి ఇన్నిళ్ళలో నడుస్తుంటే ఎవరింట్లోకని వస్తారు? అందుకే పార్లరక్క జాగ్రత్తలు కూడా చెప్పి పంపేది. "ఇందులో వాన ఎక్కువ, కింద పాత దుప్పటి పరవండి." "ఇది యుద్ధం సినిమా, అద్దాల బీరువా పక్కకి జరపండి." రిటైరైన పోస్ట్‌మాస్టరుగారి ఇంట్లోకి అలా ఒక ముసలావిడ వచ్చి, తిరిగి వెళ్తుంటే ఆయన పిల్లి ఆవిడ వెనకాలే వెళ్ళిపోయింది. ఇప్పటికీ పెళ్ళి సీనులో కుర్చీ కింద కనిపిస్తుంది. "ఒళ్ళు చేసింది," అని ఆయన మురిసిపోతాడు.

ఒక మధ్యాహ్నం కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అమ్మాయి వచ్చి కుర్చీలో కూర్చుంది. నల్లద్దాలు తియ్యలేదు. పార్లరక్క దువ్వెనతో పాయ తీసి ఆగిపోయింది. చెవి వెనక అరచేయంత మేర జుట్టు లేదు. చర్మం ఎర్రగా పొక్కు కట్టి ఉంది.

"రాలిందా, పీకాడా?"

"రాలిందక్కా."

"రాలితే గోళ్ళ గీతలు పడవు. అద్దాలు తియ్యి."

తీసింది. ఎడమ కన్ను సగం మూసుకుపోయి ఉంది. "షాపులో ఎవరూ అడగరు," అంది అమ్మాయి. "కళ్ళజోళ్ళు అమ్మే మనిషి కళ్ళజోడు పెట్టుకుంటే ఎవరికి అనుమానం?"

ఆమె మొగుడు క్రేన్ నడుపుతాడు. టన్నుల బరువున్న ఇనుపదూలాన్ని పసిపిల్లని పక్కమీద పడుకోబెట్టినంత మెత్తగా దించుతాడని సైట్లో పేరు. ఇంట్లో ఆ మెత్తదనం ఉండదు. కూరలో ఉప్పెక్కువైతే గిన్నె గోడకి తగులుతుంది. ఫోను ఎత్తడం ఆలస్యమైతే చెంప పగులుతుంది. ఏ వంకా దొరకని రోజున, వంక దొరకనందుకు కొడతాడు. కిందటి నెల ఆమె చిటికెనవేలు తలుపు సందులో పెట్టి నొక్కి, అరిస్తే ఇంకో వేలు అన్నాడు. ఆమె అరవలేదు.

"వెళ్ళిపోకూడదూ?"

"వెళ్ళాను. షాపుకొచ్చి అందరి ముందూ నవ్వుతూ భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళాడు. ఇంటికెళ్ళాక నాలుగు రోజులు లేవలేదు నేను."

పార్లరక్క మిగతా జుట్టుని ఆ చోటు కప్పేలా సర్దింది. తర్వాత అడిగింది. "నీకు నెత్తురు చూస్తే భయమా?"

"రోజూ చూస్తున్నదేగా."

"అయితే ఒక సిరీస్ చెప్తాను. మాంసం కొట్టే ఆవిడ కథ. తమ్ముణ్ణి చంపిన ముఠాని ఒక్కొక్కణ్ణే వెతికి పట్టుకుంటుంది. నోటితో మాట్లాడేది తక్కువ. జనం చూడలేదని ఒక్క సీజనుతో ఆపేశారు. ఆఖరి సీనులో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది పాపం. పేర్లు పోయేటప్పుడు టీవీకి ఎదురుగా కూర్చోకు, పక్కకి జరుగు."

అమ్మాయి అద్దంలో అక్క కళ్ళలోకి చూసింది. అక్క కూడా చూపు తిప్పుకోలేదు.

మొగుడు డ్యూటీకి పోయాక ఆమె రోజుకి కాస్త చూసింది. ఆ మాంసం కొట్టే ఆవిడ దెబ్బలు తినని భాగం లేదు. కొక్కేనికి వేలాడదీశారు, పళ్ళు రాలగొట్టారు, ఐసు గదిలో పెట్టి తాళం వేశారు. ప్రతిసారీ లేచి నిలబడి, ముక్కు నెత్తురు మోచేత్తో తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టేది. ఒక ముఠావాడి మోకాలు మొద్దు మీద పెట్టి విరిచినప్పుడు అమ్మాయి తెలియకుండానే తినడం ఆపి పళ్ళెం పక్కన పెట్టింది. ఆకలి మాత్రం పోలేదు.

ఆఖరి భాగం చూస్తున్న సాయంత్రం గాలి ఎక్కువై క్రేన్ పని ఆపేశారు. మొగుడు తొందరగా ఇంటికొచ్చాడు.

"నేను పైన గాలికి చస్తుంటే నువ్వు సోఫాలో కూర్చుని సినిమాలు చూస్తున్నావా?"

"అయిపోతోంది. కట్టేస్తాను."

అతను రిమోటు లాక్కుని దానితోనే కణత మీద కొట్టాడు. ప్లాస్టిక్కు పగిలి బ్యాటరీలు ఎగిరిపడ్డాయి. జుట్టు పట్టుకుని తల గోడకేసి కొట్టాడు, ఇంకోసారి కొట్టాడు. గోడ మీద తడి మచ్చ పడింది. వెనక టీవీలో పేర్లు ఒక్కొక్కటే పైకి పోతున్నాయి. కట్టేసేవాళ్ళు లేక, ఆఖరి పేరు కూడా పోయింది.

మాంసం కొట్టే ఆవిడ టీవీ స్టాండు మీద కాలు పెట్టి దిగింది. ఒంటి మీద మాంసం కొట్టేటప్పుడు కట్టుకునే తోలుగుడ్డ, చేతిలో ఎత్తిన కత్తి. గదిని ఒకసారి చూసింది, గోడని చూసింది, కత్తి టేబుల్ మీద పెట్టింది.

"ఎవతివే నువ్వు?" అంటూ అతను ఇస్త్రీపెట్టె తీసి ఆవిడ దవడ మీద కొట్టాడు. ఎముక చిట్లిన చప్పుడు వంటింటిదాకా వినిపించింది. ఆవిడ నోట్లోంచి పన్ను ఉమ్మేసి నిలబడే ఉంది. అతను మళ్ళీ కొట్టాడు, మళ్ళీ మళ్ళీ కొట్టాడు. కొట్టినచోట మనిషి కూలకపోవడం అతనికి కొత్త. చెయ్యి అలిసింది. అప్పుడు ఆవిడ ఆ చేతిని పట్టుకుని, టేబుల్ అంచు మీద ఆనించి, చెరుకుగడ విరిచినట్టు విరిచింది. ముక్కు మీద నుదుటితో ఒక పోటు పొడిచింది. కాలరు పట్టుకుని టీవీ వైపు ఈడ్చుకుపోయింది.

నడుందాకా లోపలికి పోయాక అతను మంచిచేత్తో పెళ్ళాం కాలిమడమ దొరకబుచ్చుకున్నాడు. "పట్టుకోవే! లాగు నన్ను! నీ మొగుణ్ణే!"

ఆమె కళ్ళలోకి నెత్తురు కారుతోంది. వంగింది. చెయ్యి పట్టుకోవడానికేనని అతను అనుకున్నాడు. కింద పడి ఉన్న ఇస్త్రీపెట్టె రెండు చేతులా ఎత్తి అతని వేళ్ళ మీద వేసింది. ఒక దెబ్బకి వదల్లేదు. వదిలేదాకా వేసింది.

ఆవిడా అతనూ తెర లోపలికి పోయారు. "ఇంకా చూస్తున్నారా?" అని తెర మీద ప్రశ్న పడింది. ఆమె ప్లగ్గు పీకేసి కింద కూలబడింది.

మర్నాడు అతని తల్లి ఫిర్యాదు ఇచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి నాలుగో భాగం పెట్టించుకుని చూశాడు. సంతలో ఐసు మోసే కూలీల మధ్య కట్టు కట్టిన చేత్తో ఆవిడ కొడుకు నడుస్తున్నాడు. "ఉన్నాడుగా. కళ్ళెదుట కనిపిస్తున్న మనిషిని కనిపించట్లేదని ఎలా రాయను?" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కానీ తలుపు ఒకసారి తెరుచుకుందంటే ఇంకోసారి తెరుచుకుంటుంది. ఆ సిరీస్‌ని ఎవరైనా ఒంటరిగా ఆఖరిదాకా చూస్తే అతనూ రావచ్చు. పార్లరక్కకి అది తట్టిన క్షణం నుంచి నోరు ఊరుకోలేదు. రంగు వేయించుకునేవాళ్ళకి, కనుబొమ్మలు తీయించుకునేవాళ్ళకి, ఊరికే ఫ్యాను కింద కూర్చుందామని వచ్చినవాళ్ళకి కూడా అదే చెప్పింది. "మాంసం కొట్టే ఆవిడది చూశారా? చూడకపోతే మీతో మాట్లాడను." చూసినవాళ్ళు ఇంకొకళ్ళకి చెప్పారు. బస్సుల్లో, బ్యాంకు వరసల్లో దాని గురించే మాటలు. ఎప్పుడు చూసినా ఏదో ఒక ఇంట్లో నడుస్తూనే ఉండేది.

అత్తగారు ఒకరోజు పార్లరు తలుపు తోసుకుని వచ్చింది. వస్తూనే పార్లరక్క చెంప ఛెళ్ళుమనిపించింది. కుర్చీలో ఉన్నావిడ నురగ తలతో లేచి నిలబడింది.

"నా కొడుకు లోపల తన్నులు తింటుంటే ఊరందరికీ వేడుక చూపిస్తావా? నేను పేర్లు పోయేదాకా కూర్చుంటున్నాను, రోజూ. ఎక్కడో ఎవరో చూస్తూనే ఉంటారు, వాడు రాలేకపోతున్నాడు. ఆపు! చెప్పడం ఆపు!"

"మీ కోడలి తల మీద కుట్లు ఎన్నో చూశారా పిన్నిగారూ?"

"మొగుడూ పెళ్ళాలన్నాక ఉంటాయి," అంది అత్తగారు. అని, అరల్లో ఉన్న సీసాలన్నీ ఒక్క ఊపున కిందికి ఊడ్చేసింది. ఆ గాజుపెంకులు ఏరుతూ పార్లరక్క వేలు తెగింది. తుడుచుకుని, నురగ తలావిడ వైపు తిరిగింది. "మీరు ఎన్నో భాగం దాకా వచ్చారు?"

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం ఎక్కడో స్తంభం కూలి ఊరు మొత్తానికి నెట్ పోయింది. అత్తగారు ఈ రోజు కోసమే సిరీస్ అంతా పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఉంచింది. తలుపు గడియ పెట్టి ఆఖరి భాగం పెట్టుకుంది. ఆ ఒక్క ఇంట్లో తప్ప ఇంకెక్కడా నడవడం లేదు.

పేర్లు మొదలయ్యాయి. వాటి వెనకనుంచి కొడుకు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముక్కు పక్కకి ఒరిగిపోయింది, పెదవి చీలింది. అరచేతులు అద్దానికి ఆనించాడు.

"అమ్మా! ఆపకు. ఇంకాస్తే."

"తిన్నావురా ఏమైనా?"

"అదెక్కడుంది? షాపుకే పోతోందా? బయటికి రానీ. ఈసారి కాళ్ళు విరిచి మూల కూర్చోబెడతాను."

ఆవిడ కుర్చీలో కదిలింది. చీలిన ఆ పెదవికి మందు రాద్దామనుకున్న మనిషి, ఇంకా అక్కడే చూస్తోంది. రిమోటు మీద వేలు ఎప్పుడు పడిందో ఆవిడకే తెలియదు. కొడుకు చూశాడు.

"అమ్మా, అది కింద పెట్టు." గొంతు మారింది. "పెడతావా, రెండో మణికట్టు కూడా తిప్పమంటావా?"

మొదటిది విరిగినప్పుడు స్నానాలగదిలో జారానని అందరికీ చెప్పింది. డాక్టరుకి చెప్పింది, కోడలికి చెప్పింది, తనకి తాను కూడా చెప్పుకుంది. ఇంకా రెండు పేర్లున్నాయి. ఆవిడ నొక్కింది. తెర నల్లబడే ముందు వాడు పిడికిలి ఎత్తడం కనిపించింది. ఆ పిడికిలి తగలకుండానే ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత ఏడ్చింది. వాన చప్పుడులో ఎవరికీ వినిపించలేదు.

నెట్ వచ్చిన రోజున కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళింది. కోడలు లేచి, ఏమీ అనకుండా అత్తగారి పాత కళ్ళజోడు తీసుకుని వంకర పోయిన కాడలు సరిచేయడం మొదలుపెట్టింది. ఆమె మొహం మీద నల్లద్దాలు లేవు. పక్క కుర్చీలో ఒకావిడ ఫోన్లో పైకీ కిందికీ వెతుకుతోంది.

"చూడ్డానికి ఒక్కటీ మంచిది దొరకదండీ," అంది ఆవిడ, ఎవరితోనో అన్నట్టు.

"మాంసం కొట్టే ఆవిడ సిరీస్ చూడమ్మా," అంది అత్తగారు. "ఇంటిల్లిపాదినీ చూడమను."

కోడలి చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"ఆ, అదా! సగం చూశాను. ఐసు మోసేవాడు ఒకడున్నాడు చూడండి, చెయ్యెత్తితే నాకు ఇక్కడ గుండె జారిపోతుంది. ఎవరండీ ఆ నటుడు? ఎక్కడ నేర్చుకున్నాడో!"

అత్తగారు కోడలు అందించిన కళ్ళజోడు పెట్టుకుని, ఆమె నుదుటి మీది కుట్ల మచ్చలని మొదటిసారి స్పష్టంగా చూసింది.

"మా అబ్బాయే," అంది. "మా ఇంట్లోనే నేర్చుకున్నాడు."