ఎర్లీన్ పేరుకు తాళం

తడి దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఎర్లీన్ పెట్వే ఒక్క విదిలింపు విదిలించింది. అవతలి కొసలు వెల్మా అందుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని ఇస్త్రీ యంత్రం నోటికి అందించారు. కాలే రోలర్ల మధ్యనుంచి దుప్పటి అటువైపు సాపుగా, పొగలు కక్కుతూ వచ్చి పడింది. మళ్ళీ ఇంకొకటి. సెల్మా ఊరి ఆసుపత్రిలో రోగులు పడుకునే దుప్పట్లన్నీ నేలమాళిగలోని ఈ గదిలోంచే పైకి వెళ్ళాలి.

ఎర్లీన్ పొడుగాటి మనిషి. వెడల్పాటి భుజాలు. ముంజేతుల మీద యంత్రం అంచు తగిలి కాలిన మచ్చలు, నల్లటి చర్మం మీద మరింత నల్లగా, ఒకదాని పక్కన ఒకటి. నెరిసిన జుట్టంతా వలలోకి దోపేసి ఉంటుంది. మోకాళ్ళు ఎప్పుడూ వాచే ఉంటాయి. వయసులో ఉండగా ఈ పనిలో చేరింది, ఇక్కడే పెద్దదైపోయింది. కట్టుకున్నవాడు తొందరగా పోయాడు. పిల్లలు లేరు. తల్లి ఇతరుల ఇళ్ళలో వంట చేస్తూ రాత్రికిగానీ వచ్చేది కాదు గనుక, తమ్ముడు క్లియోఫస్‌ను చంకనేసుకుని పెంచింది ఈమే. ఆదివారం చర్చిలో పాడేవాళ్ళ వెనక వరసలో నిలబడుతుంది. ఊళ్ళో ఎవరినైనా అడిగితే, ఎర్లీనా, మంచి మనిషి, అంటారు. అంతకుమించి చెప్పడానికి ఎవరికీ ఏమీ తోచదు.

"ఏంటే, దుప్పటిని అలా లాగుతున్నావ్? అదేం చేసింది నిన్ను?" అంది వెల్మా.

"ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ చెయ్యాలి."

"ఆ మూడో కంపెనీకా? దేవుడు నీకు ఓపికివ్వాలి తల్లీ. నాకైతే ఫోను విరిగేది."

సంగతేమిటంటే, ఎర్లీన్ ఉండేది ఒక పాత ఇంటి మేడమీద వాటాలో. ఆ చెక్కమెట్లు ఎక్కలేక, వేసవిలో చర్చి వెనక కింది అంతస్తులో ఒక వాటా చూసుకుంది. ముందర చిన్న వరండా, వంటగదికి పెద్ద కిటికీ. ఇంటావిడ సరేనంది, గోడలకు ఏ రంగు కావాలో కూడా అడిగింది. తర్వాత అందరిలాగే ఈమె అప్పులూ వాయిదాలూ ఎలా కడుతుందో చెప్పే క్రెడిట్ రిపోర్టు తెప్పించి చూసింది.

"ఏమీ అనుకోకమ్మా. కొన్న ట్రక్కుకి వాయిదాలు కట్టనిదానివి, నాకు అద్దె కడతావని ఎలా నమ్మను?"

"ట్రక్కా? నాకు బండి నడపడమే రాదండీ! పనికి కూడా వెల్మా కారులో వెళతాను."

ఆవిడ నమ్మలేదు. వాటా ఇంకెవరికో పోయింది. ఎర్లీన్ పోలీస్ స్టేషన్‌కి వెళితే అక్కడి ఆఫీసరు ఆవలిస్తూ, ఎవరిమీదైనా అనుమానం ఉందా అని అడిగాడు. తెలియదంది. ముందు మీ పేరుకు తాళం వేయించుకోండి, అన్నాడతను. తాళం వేస్తే అప్పిచ్చేవాళ్ళెవరూ ఆ రిపోర్టు తెరిచి చూడలేరు. చూడలేకపోతే ఆ పేరు మీద కొత్త అప్పు ఇవ్వరు. వేసేదీ తీసేదీ ఆ పేరుగల మనిషే. అయితే ఆ రిపోర్టులు ఉంచేవి మూడు కంపెనీలు. దేని తాళం దానిదే.

ఎర్లీన్‌కు ఒళ్ళు మండింది అక్కడే. నా బతుకంతా రాసి పెట్టుకోమని ఈ మూడు కంపెనీలకూ నేనెప్పుడు చెప్పాను? ఎవడో దొంగ వచ్చి నేనే ఎర్లీన్‌ని అంటే తలుపు బార్లా తీశారే, ఇప్పుడు నేను వెళ్ళి తలుపు మూయండి మొర్రో అంటే, ముందు నువ్వెవరో రుజువు చేసుకోమంటారా? రెండు కంపెనీలు ఎలాగో దారికి వచ్చాయి. మూడోది మాత్రం ఎన్నిసార్లు ఫోన్ చేసినా పాటలు వినిపించి వినిపించి లైను తెంపేస్తోంది.

మధ్యాహ్నం ఇద్దరూ వెనక పెరట్లో, బట్టలబళ్ళు వచ్చి ఆగే చోట, బోర్లించిన సబ్బుపీపాల మీద కూర్చున్నారు. వెల్మా చల్లారిన కోడివేపుడు, మొక్కజొన్న రొట్టె విప్పింది. ఎర్లీన్ ముద్ద ముట్టకుండా ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఎంతకో ఒక కుర్రాడి గొంతు పలికింది. పేరు, పుట్టినరోజు, ప్రభుత్వం ఇచ్చిన నంబరు అన్నీ అడిగింది. ఎర్లీన్ అన్నీ చెప్పింది.

"చివరగా ఒక్క ప్రశ్న మేడమ్. నేను చదివే వీధుల్లో మీరు ఈమధ్య కాపురమున్నది ఏది? మాగ్నోలియా, హేజెల్‌వుడ్, ఫోర్ట్ డేల్, లేదా ఇవేవీ కావు."

"ఇవేవీ కావు బాబూ. నేను సెల్మా దాటి ఎక్కడా ఉండలేదు."

కాసేపు మీటల చప్పుడు. "సారీ మేడమ్. మీ జవాబు మా దగ్గరున్న వివరాలతో కలవలేదు. మీరే ఎర్లీన్ పెట్వే అని మేము నిర్ధారించలేం."

"నిర్ధారించలేవా? మా అమ్మ పెట్టిన పేరది! నువ్వెవరు నాయనా నిర్ధారించడానికి?"

లైను తెగిపోయింది. వెల్మా కోడికాలు పట్టుకున్న చేయి గాలిలోనే ఆగిపోయింది. "వీళ్ళ ఇల్లు బంగారం గాను! నువ్వు నువ్వు కాదన్నాడా వాడు?"

ఎర్లీన్ చెవిలో ఒక వీధి పేరు ముల్లులా దిగబడి ఉంది. హేజెల్‌వుడ్. ఏటా క్రిస్మస్‌కు వెన్నకేకు చేసి, డబ్బాలో పెట్టి, పైన తన చేత్తో రాసే చిరునామా అది. మాంట్‌గోమరీలో, హేజెల్‌వుడ్ వీధిలో, తమ్ముడు క్లియో ఇల్లు.

ఎర్లీన్ మళ్ళీ అదే నంబరు నొక్కింది. ఈసారి ఇంకో గొంతు. అవే ప్రశ్నలు, అవే వీధులు.

"హేజెల్‌వుడ్," అంది ఎర్లీన్.

"థాంక్యూ ఎర్లీన్ గారూ! ఇప్పుడే ఫ్రీజ్ చేసేశాం, తాళం పడినట్టే. మీ రిపోర్టు ఇక భద్రం."

ఫోను మూసి ఏప్రన్ జేబులో వేసుకుంది. నిజం చెబితే దొంగను చేశారు, అబద్ధం చెబితే గారూ అని గౌరవించారు.

"ఎవరిదే ఆ వీధి?" అడిగింది వెల్మా, ఆమె ముఖం చూసి.

"పద. పని ఉంది."

పని మధ్యలో యంత్రం అంచు తగిలి ఎర్లీన్ ముంజేయి మళ్ళీ కాలింది. ఆ సంగతి వెల్మా చెబితేగానీ తెలియలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి మెట్ల కింద ఎర్రటి ట్రక్కు ఆగి ఉంది. క్లియో పైమెట్టు మీద కూర్చుని టోపీతో విసురుకుంటున్నాడు. యాభై దాటినవాడు. అక్కను చూడగానే లేచి, చేతిలో సంచీ అందుకున్నాడు. అలవాటు చొప్పున ఆమె తలుపు తీసింది, అలవాటు చొప్పునే పొయ్యి వెలిగించింది, కోడి వేడిచేసి మొక్కజొన్న కండెలు ఉడకబెట్టి వాడి ముందు పెట్టింది. వాడు కండె కొరకబోయి ముఖం చిట్లించాడు. నోట్లో వేలు పెట్టి పై వరస కట్టుడుపళ్ళు ఊడదీసి, కాగితపు రుమాలు మీద పక్కన పెట్టుకున్నాడు. చెంపలు లోపలికి పోయి ముసలివాడైపోయాడు.

"కొత్తవి. ఒరుసుకుంటున్నాయి." చిగుళ్ళతోనే నవ్వాడు. "అక్కా, ఇవాళ బళ్ళు అమ్మేవాడి దగ్గరికి వెళ్ళా. నీ రిపోర్టు మూసేసి ఉందన్నాడు. ఒక్క రోజు తీసిపెట్టవే. ఈ ట్రక్కు ఇచ్చేసి చిన్నది తీసుకుంటా, వాయిదా తగ్గుతుంది. తర్వాత నీ ఇష్టం."

చేసిన పని ఒప్పుకోవడం కూడా కాదది. ఉప్పు ఇటివ్వు అన్నట్టు అడిగాడు.

"ప్రభుత్వమిచ్చిన నా నంబరు నీకెక్కడిది?"

"మర్చిపోయావా? ఏటా ఆ నంబరున్న నీ పన్ను కాగితాలు పోస్టులో వెయ్యమని నాకే కదా ఇచ్చేదానివి."

"నమ్మి ఇచ్చాను."

"నాకెవడిస్తాడక్కా అప్పు? నీది మచ్చలేని పేరు. కడదామనే అనుకున్నా, ప్రమాణపూర్తిగా. నేను పనిచేసే హోటల్లో పనిగంటలు తగ్గించేశారు."

"ట్రక్కు కాక ఇంకేమున్నాయి?"

వాడు తల వంచుకుని రుమాలు వైపు చూశాడు. "ఇవి. పళ్ళు లేనివాణ్ణి హోటల్లో అతిథులు వచ్చే ముందు బల్ల దగ్గర నిలబెట్టరక్కా. పళ్ళ డాక్టరు దగ్గరే అప్పు కాగితాలున్నాయి. నీ పేరూ నంబరూ రాశా. నిమిషంలో అయిపోయింది."

ఎర్లీన్ ఆ పళ్ళ వైపు చూసింది. పాలపళ్ళు ఊడినప్పుడు వీడు ఏడిస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది తనే. ఆ జాలే కోపమైంది.

"అడిగుంటే ఇచ్చేదాన్ని క్లియో. పస్తుండైనా ఇచ్చేదాన్ని. నువ్వు అడగలేదు. ట్రక్కు అమ్మినవాడు అడగలేదు. ఈ పళ్ళు కట్టినవాడూ అడగలేదు. ఎవడైనా ఒక్కడు, ఒక్క ఫోను చేసి, ఏమమ్మా నువ్వేనా అని అడిగాడా? నా పేరు అందరి చేతుల్లోనూ తిరిగింది, నేను అడిగితే మాత్రం నీది కాదన్నారు. నీ వీధి నా వీధని అబద్ధమాడితేగానీ నా పేరు నా చేతికి రాలేదు. ఇంకా ఈ మోకాళ్ళతో ఈ మెట్లే ఎక్కుతున్నాను, చూశావా?"

"తప్పే అక్కా. ఒక్క రోజే అంటున్నా కదా."

"తియ్యను. రేపు స్టేషన్‌కి వెళుతున్నాను. కిందటిసారి ఎవరిమీద అనుమానం అంటే తెలీదన్నాను. రేపు చెబుతాను."

"జైల్లో పెడతారే!"

ఆమె వాడి కళ్ళలోకి చూసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. క్లియో లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "కోడి బాగుంది," అన్నాడు. బోసినోటితో ఆ మాట సరిగ్గా పలకలేదు. మెట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ట్రక్కు కదిలిన చప్పుడు వీధి చివరదాకా వినిపించి ఆగిపోయింది.

పొద్దున్నే ఆమె అన్నంత పనీ చేసింది. తమ్ముడి పేరు అక్షరం అక్షరం విడదీసి ఆఫీసరుకు చెప్పింది. పోలీసులు వెళ్ళేసరికి హేజెల్‌వుడ్ వీధి ఇల్లు ఖాళీగా ఉంది. క్లియో ఎటు పోయాడో అక్కకు గానీ ఇంకెవరికి గానీ తర్వాతెప్పుడూ తెలియలేదు.

కానీ అది మర్నాటి మాట. ఆ సాయంత్రం ఎర్లీన్ కంచం తీయడానికి బల్ల దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కొరకని మొక్కజొన్న కండె పక్కన, తడిసిన కాగితపు రుమాలు మీద, గులాబిరంగు చిగుళ్ళతో పై వరస పళ్ళు, తెల్లగా, కొత్తగా మెరుస్తూ ఉన్నాయి.