అరవై తెల్ల చొక్కాలు

లాండ్రీలో అందరూ ఆమెను గుర్తులమ్మ అనేవారు. ఏ చొక్కా ఎవరిదో ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మరిచిపోయేది కాదు. జేబు మీద సిరా మరక ఉన్నది గుమాస్తాది, చంకలో కుట్లు విడిపోయినది లావుపాటి డాక్టరుది. కాలర్ లోపల ఓనరు చెరగని సిరాతో వేసే నంబర్ల జోలికి ఆమె ఎన్నడూ పోలేదు. పోవడానికి చదువు రావాలి కదా! పనిలో చేరేటప్పుడు "చదవడం వచ్చా?" అని అడిగితే "ఎందుకు రాదండీ" అని ఠక్కున అనేసింది. ఆ అబద్ధంతో ఆరేళ్లు నెట్టుకొచ్చింది.

కొత్తగా ఒక హాస్టల్ వాళ్లు బట్టలేయడం మొదలుపెట్టి కొంప ముంచారు. అరవై చొక్కాలు, అన్నీ తెల్లవే, ఒకే కొట్టులో ఒకే రోజు కొన్నవి. వాటిని కన్న దర్జీకైనా తేడా తెలియదు. మొదటి వారమే సగం తారుమారయ్యాయి. హాస్టల్ మేనేజరు వచ్చి నానా రభసా చేసి వెళ్లాడు.

"ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఓనరు.

ఇంట్లో చూస్తే మొగుడు లారీలోంచి బస్తాలు దింపుతూ పడి, నడుం విరిగి ఏడాదిగా మంచంలోనే ఉన్నాడు. ఇల్లు గడిచేది ఈ జీతం మీదే. ఏం చేస్తుంది? ఎనిమిదో తరగతి చదువుతున్న కూతురు బుడ్డిని వెంటబెట్టుకొచ్చింది.

"ఊరికే సాయానికండీ, నాలుగు రోజులే," అంది ఓనరుతో.

బుడ్డి కాలర్ తిప్పి నంబరు గుసగుసగా చెప్పేది. గుర్తులమ్మ దాని ప్రకారం దొంతులు పెట్టేది. ఒక్క చొక్కా తప్పలేదు. నాలుగు రోజులు కాస్తా రెండు నెలలయ్యాయి. పేదవాళ్ల ఇళ్లలో నాలుగు రోజులు ఎప్పుడూ నాలుగు రోజులుండవు.

లెక్కల టీచరు ఇంటికి రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నవ్వుతూ, రెండోసారి నవ్వకుండా.

"వచ్చే నెల పదో తారీఖులోపు రాకపోతే పేరు కొట్టేస్తారమ్మా. పరీక్ష కూడా రాయనివ్వరు. అంత తెలివైన పిల్లని ఎందుకు పాడుచేస్తున్నారు?"

గుర్తులమ్మకు ఒళ్లు మండిపోయింది. పాడుచేయాలని ఏ తల్లికుంటుంది? ఆ కోపంలోనే ఒక పట్టు పట్టింది. మధ్యాహ్నం అన్నాల వేళ బుడ్డి ఇస్త్రీ బల్ల మీద తడి వేలితో అంకె గీసేది, అది ఆరేలోపు తల్లి చెప్పాలి.

"ఆరుకి తోక పైకమ్మా, తొమ్మిదికి కిందికి. ఎన్నిసార్లు చెప్పాలే!" అని కూతురు కసిరితే, "నువ్వేమైనా పుట్టగానే నేర్చుకున్నావా?" అని తల్లి ఎదురు కసిరేది.

నెలాఖరుకి అరవై చొక్కాలూ ఒంటిచేత్తో సర్దింది. బుడ్డి రెండుసార్లు సరిచూసింది. ఒక్క తప్పు లేదు. గుర్తులమ్మకు కాళ్లు నేల మీద ఆగలేదు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆరేళ్లు దాచిన మాట, పైగా గెలిచిన సంతోషం, ఎలా ఆగుతుంది? నేరుగా ఓనరు ముందుకెళ్లి నిలబడింది.

"రేపటినుంచి పిల్లని బడికి పంపుతానండీ. ఇక నేనే చూసుకుంటా. నంబర్లన్నీ నేర్చేసుకున్నా!"

ఓనరు తలెత్తాడు. "నేర్చుకున్నావా? అంటే ఇన్నాళ్లూ రావా నీకు?"

ఆమె నాలుక కరుచుకుంది.

"అంటే చదివింది ఈ పిల్లన్నమాట," అన్నాడు ఓనరు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇటు చూడమ్మా, వచ్చే వారం నుంచి ఆసుపత్రి బట్టలొస్తున్నాయి. వార్డుల పేర్లుంటాయి, చీటీలుంటాయి. నంబర్లొక్కటే వస్తే నాకు కుదరదు. నీ బదులు పిల్లని ఉంచు. నీ జీతమే దానికిస్తా."

"ఇద్దరం చేస్తామండీ! అది బడి నుంచొచ్చాక సాయంత్రం..."

"ఆసుపత్రి బండి పొద్దున పదింటికి వస్తుంది. సాయంత్రం చదివి ఎవరికి చూపిస్తుంది?"

గుర్తులమ్మ కూతురి చెయ్యి పట్టుకుని విసురుగా బయటికి వచ్చేసింది. తొమ్మిది రోజులు కాళ్లరిగేలా తిరిగింది. కొన్నిచోట్ల పని లేదన్నారు, ఉన్నచోట ముందుగా చదువొచ్చా అన్నారు. ఇంట్లో మొగుడికి మందులైపోయాయి. తొమ్మిదోనాడు పొయ్యి వెలగలేదు.

"నేను పోతాలేమ్మా," అంది బుడ్డి. గుర్తులమ్మ వద్దనలేదు. మర్నాడు పొద్దున తనే తీసుకెళ్లి లాండ్రీ గుమ్మం దాకా దిగబెట్టి వచ్చింది.

ఆ మధ్యాహ్నమే లెక్కల టీచరు వచ్చింది.

"ఇవాళ పదో తారీఖు. మీరు ఇంట్లోనే ఉన్నారుగా, మరి పిల్ల ఎవరికి సాయం చేస్తోంది?" అంది మండిపడుతూ.

"సాయం కాదు టీచరుగారూ. నా పని దానికిచ్చారు."

"దానికి పదమూడేళ్లమ్మా! మిమ్మల్ని కాదని దాన్నెందుకు పెట్టుకున్నాడు?"

"మీరు చదువు బాగా చెప్పారు," అంది గుర్తులమ్మ. "అందుకే పెట్టుకున్నాడు."

టీచరు సంచిలోంచి హాజరుపట్టీ తీసి, మళ్లీ లోపల పెట్టేసుకుని వెళ్లిపోయింది.