క్షమాపణ కళ్ళంలో అడగాలి

సోఢో గోధుమ రాశి మీద బోర్లా పడిపోయాడు. తుపాకి పేల్చిన గులాబ్, ఊరి భూస్వామి వడేరోకు నమ్మినబంటు, తాపీగా తలపాగా సర్దుకున్నాడు. శవాన్ని పక్కకు లాగించి పంపకం కానిచ్చాడు. మంచి గింజ వడేరో బళ్ళకెక్కింది. నెత్తురంటిన గింజను సోఢో తల్లి భాగుల్ వైపు కాలితో తోశాడు.

"నీ కొడుకు నెత్తురే గదే. నువ్వే తీసుకో."

కళ్ళం నిండా జనం ఉన్నారు. వడేరో భూమిని పాలుకు దున్నే హారీలంతా అక్కడే ఉన్నారు. ఒక్కరి నోరూ పెగల్లేదు. భయం ఎంత పాపిష్టిదో ఆ రోజు చూడాల్సింది.

సోఢో చేసిన నేరమల్లా చదవడం. పట్నం కాలేజీ నుంచి సెలవులకొచ్చి, సాయీ వర్యల్ షా పుస్తకాన్ని హారీలకు పైకి చదివి వినిపించేవాడు. సాయీ కూడా పుట్టుకతో భూస్వామే. మా సింధు సీమకు మేలు జరుగుతుందని నమ్మి, ఈ కొత్త రాజ్యం రావాలని ఊరూరా తిరిగినవాడే. తీరా వచ్చిన రాజ్యం మా నదినీ మా భాషనూ మింగుతుంటే ఇదేమిటని అడిగాడు. అప్పట్నుంచీ ఆయనకు జైలు, కాకపోతే సొంత ఇంట్లోనే ఖైదు. ఊరి చివర ఆయన గేటు ముందు పోలీసులు కాపురం పెట్టేశారు. ఆయన రాసిందల్లా నిషేధించారు. నిషేధించిన కొద్దీ విద్యార్థులు చేత్తో ఎత్తి రాసుకున్నారు. కళ్ళంలో సగం పండించినవాడి హక్కని సాయీ రాసిన చోటు చదువుతుండగానే సోఢోకు గుండు తగిలింది.

వాణ్ణి మట్టిచేసి వచ్చేసరికి కబురు సిద్ధంగా ఉంది. వడేరో మేడ్ పంపుతున్నాడట. మేడ్ అంటే, హంతకుడి తరఫు ఆడవాళ్ళు తలమీద ముసుగు తీసేసి, ఖురాన్ నెత్తిన పెట్టుకుని గుమ్మంలోకొస్తే, ఇంటివాళ్ళు వాళ్ళ తల కప్పి తీరాలి. కప్పారంటే హత్యయినా మాఫీ అయినట్టే. కాదన్న ఇంట్లో మా వైపు ఎవరూ మంచినీళ్ళు ముట్టరు.

భాగుల్ గుడిసెలో హారీలు కూడారు.

"కాదనకు వదినా," అన్నాడు మరిది ఖమీసో. "వాడికి సాకు దొరుకుద్ది. గుడిసెలన్నీ పీకించేస్తాడు."

"సరే, మాఫీ చేస్తాను. పై కోతలకి గులాబ్‌గాడు మళ్ళా తుపాకి పట్టుకుని కళ్ళంలో నిలబడతాడా?"

"నిలబడతాడు."

"అప్పుడెవడి కొడుకు?"

ఖమీసో తల గోక్కున్నాడు. "సాయీ కూడా అదే రాశాడు గదా వదినా. మేడ్‌ని కాదన్నవాడు సింధీయే కాడన్నాడు. మన సోఢోనే చదివాడు."

"రాశాడు. ఆయన కొడుకునెవడన్నా చంపాడా? చంపి, పెళ్ళాన్నీ తల్లినీ ఆయన గుమ్మంలోకి తోలాడా?"

సాయీని అంత మాట అన్నవాళ్ళు ఊళ్ళో లేరు. మూలనున్న జాదో ఒక్కతే గొంతు విప్పింది. ఆమె మొగుణ్ణి కూడా ఆ గులాబే కొట్టి కుంటివాణ్ణి చేశాడు.

"నీ ఒక్కదాని కొడుకా వాడు? మా అందరి సగం కోసం చదివాడే!"

భాగుల్ ఆమెకేసి తిరిగింది. "అయితే మాఫీ నా ఒక్కదాని దగ్గరెట్టా ఉంటది జాదో?"

మర్నాడు పొద్దెక్కాక మేడ్ వచ్చింది. ముందు వడేరో తల్లి పెద్ద బీబీ, వెనక కోడళ్ళు. పరాయి కంటపడని ఆడవాళ్ళు బోసి తలలతో ఎండలో నిలబడ్డారు. భాగుల్‌కు వాళ్ళమీద కోపం రాలేదు, జాలేసింది. తన దుప్పటి తీసి ముసలమ్మ తల కప్పింది.

"నా వంతు కప్పాను తల్లీ. బిడ్డ మాత్రం అందరివాడు. పక్క గుమ్మంలో కూడా అడుగు."

పక్క గుమ్మంలో జాదో అదే మాటంది. ఆ పక్కనా అంతే. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో ఆడది బయటికొచ్చి వెంట నడిచింది. అలా నడిచి నడిచి అందరూ సాయీ గేటు ముందు తేలారు.

"ఇదే ఆఖరి గుమ్మం," అంది భాగుల్. "చదివింది ఈయన మాటేగా."

ఇన్‌స్పెక్టర్ లాఠీ అడ్డం పెట్టాడు. "లోపలికెవరూ పోకూడదు. సర్కారు హుకుం."

"మేడ్‌నే ఆపుతావా? దొంగలు కూడా ఆపరయ్యా!" అంది భాగుల్.

కానిస్టేబుళ్ళు మా ఊళ్ళవాళ్ళే. బోసి తలలను చూడలేక ముఖాలు తిప్పుకున్నారు. ఈలోగా కర్ర పొడుచుకుంటూ సాయీయే గేటు దాకా వచ్చాడు. మనిషి ఎండిపోయాడు, గొంతు మాత్రం ఎండలేదు. విషయమంతా విన్నాడు.

"మేడ్ గురించి నేను రాసింది సగమేనమ్మా," అన్నాడు భాగుల్‌తో. "భూస్వామి అరుగు మీద కూచుని రాశాను. మాఫీ అడిగేవాడి గొప్ప కనబడింది. ఇచ్చేదాని కడుపుకోత కనబళ్ళేదు."

తన భుజం మీది అజ్రక్ దుప్పటి తీసి, గేటు కమ్మీల్లోంచి చెయ్యి చాపి పెద్ద బీబీకి కప్పాడు.

"నీ కొడుకుతో చెప్పమ్మా. ఆడవాళ్ళ ముసుగు తీయించి దాని చాటున దాక్కోవద్దని. గులాబ్‌ను వెంటబెట్టుకుని, బిడ్డ పడిన చోటికొచ్చి, ఈ జనం ముందు అడగమను."

ముసలమ్మ అజ్రక్ గట్టిగా చుట్టుకుని ఇంటిదారి పట్టింది.

గుంపుతో మాట్లాడిన నేరానికి సాయీని అక్కడికక్కడే జీపెక్కించారు. మెట్టెక్కలేని ముసలాణ్ణి మూట ఎత్తినట్టు ఎత్తారు. మళ్ళీ ఆయన్ను ప్రాణాలతో చూస్తామన్న ఆశ ఎవరికీ లేదు. ఖమీసో బావురుమన్నాడు.

భాగుల్ ఏడవలేదు. నేరుగా కళ్ళానికి నడిచి, నెత్తురంటిన రాశి పక్కన కూచుంది. హారీలంతా చుట్టూ కూచున్నారు. వడేరో వచ్చి మాఫీ అడిగేదాకా ఆ గింజ కదలనివ్వం అన్నారు. ఇళ్ళలో పొయ్యి రాజేయడానికేమీ లేదని అందరికీ తెలుసు.

మిట్టమధ్యాహ్నం పట్నం రోడ్డు మీద దుమ్ము లేచింది. పోలీసు లారీలు.

"ఇప్పుడేం చేద్దాం వదినా?" అన్నాడు ఖమీసో.

భాగుల్ కాలవగట్టు వైపు చూసింది. అటూ దుమ్ము లేస్తోంది. కబురందిన పై ఊళ్ళ హారీలు, పిల్లాజెల్లాతో, నడిచి వస్తున్నారు.

"కాస్త జరుగు," అంది. "వాళ్ళకి చోటు చాలదు."